గడ్డే కదా అనుకునే ముందు

ఒంటి మీద ఎక్కడైనా చిన్న గడ్డ లేచిందనుకోండి. మన ఇళ్ళల్లో వెంటనే నాలుగు రకాల తీర్పులు వెలువడతాయి. "వేడి చేసింది, మజ్జిగ ఎక్కువ తాగు" అని అమ్మమ్మ అంటుంది. "కొవ్వు గడ్డే, మీ నాన్నకీ ఉందిగా" అని అత్తయ్య అంటుంది. "పసుపూ సున్నం కలిపి పట్టు వెయ్యండి" అని ఇండియా నుంచి పెదనాన్న ఫోనులో సలహా ఇస్తారు. "నొప్పి లేదుగా, ఇంకెందుకు గొడవ?" అని ఇంట్లో మిగిలిన వాళ్ళు తేల్చేస్తారు.

చాలాసార్లు వీళ్ళ మాటే నిజమవుతుంది. గడ్డల్లో ఎక్కువ భాగం కొవ్వు గడ్డలో, సిస్టులో, సెగగడ్డలో అయి ఉంటాయి. కానీ "నొప్పి లేదుగా" అన్న ఆ ఆఖరి మాట ఉంది చూశారూ, దాన్నే ఆసరా చేసుకుని పెరిగే అరుదైన చర్మపు కాన్సరు ఒకటుంది. పేరు మెర్కెల్ సెల్ కార్సినోమా. అమెరికాలో ఏడాదికి సుమారు 3,000 మందిలో మాత్రమే బయటపడుతుంది. మనందరికీ పేరు తెలిసిన మెలనోమా ఏటా లక్ష మంది దాకా వస్తుంటే, ఇది దాని పక్కన చుక్కంత. కానీ వచ్చిన వాళ్ళలో ప్రాణాలు తీసే పాలు మాత్రం మెలనోమా కంటే ఎక్కువ.

నేను డాక్టర్ని కాను. కంప్యూటర్లతో పొట్టపోసుకునేవాణ్ణి. నాతో పనిచేసిన ఒక పెద్దాయనకి ఈ జబ్బు రావడంతో దీని గురించి చదవడం మొదలుపెట్టాను. చదివినదాంట్లో మన కుటుంబాలకి పనికొచ్చేది చాలా కనిపించింది. అదే ఈ వ్యాసం.

వీడియో మీటింగుల్లో దొరికిన సాక్ష్యం

ఆయన నా క్లయింటు ఆఫీసులో మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రామరు. అప్పటికి వయసు 64. అమెరికాలోనే ఒక పల్లెటూళ్ళో పొలం పనులు చేస్తూ పెరిగిన తెల్లవాడు. వేసవి వస్తే శని, ఆదివారాలు చెరువు మీద పడవలో, చేతిలో గాలం.

2021 మే నెలాఖరున ఎడమ కనుబొమ్మ పైన ఉన్న చిన్న గడ్డ చూపించుకోవడానికి దగ్గర్లోని ఒక క్లినిక్కుకి వెళ్ళారు. అక్కడ చూసినవారు సిస్టు అన్నారు. పది రోజులకి యాంటీబయాటిక్ రాసిచ్చి, మూడు నెలల్లో తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నారు. జూన్ నెలాఖరుకి ఆ గడ్డ రేగుపండంత అయింది. నొప్పి లేదు, దురద లేదు, చీము లేదు. ఆయన మూడు నెలలూ ఆగుదామనే అన్నారట. ఆవిడ మాత్రం ఊరుకోలేదు. నాలుగు చోట్లకి ఫోన్లు చేసి, జూలై మొదటి వారంలో చర్మ వైద్యురాలి దగ్గర అపాయింట్‌మెంటు సంపాదించారు.

ఆ డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న "ఇది ఎప్పుడు మొదలైంది?" అని. రెండోది "ఎంత వేగంగా పెరిగింది?" అని. ఆయనకి సరిగ్గా గుర్తు లేదు. ఆ సాయంత్రం నాకు ఫోను చేసి, మా ప్రాజెక్టు మీటింగుల వీడియో రికార్డింగులు ఉన్నాయా అని అడిగారు. అది ఇళ్ళ నుంచి పనిచేస్తున్న కాలం కాబట్టి వారం వారం రికార్డింగులన్నీ సర్వరులో ఉన్నాయి. మేనేజరు అనుమతి తీసుకుని ఇద్దరం కూర్చుని చూశాం. మార్చి రికార్డింగుల్లో నుదురు నున్నగా ఉంది. ఏప్రిల్ ఆఖరివారంలో కందిగింజంత బుడిపె. మే మూడో వారానికి శనగగింజ. జూన్‌లో రేగుపండు. తేదీలతో సహా ఆ లెక్క కాగితం మీద రాసి డాక్టరమ్మకి పంపించారు.

అప్పటికే ఆవిడ చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. వారానికి రిపోర్టు వచ్చింది. మెర్కెల్ సెల్ కార్సినోమా. తర్వాత ఆపరేషన్ చేసి చుట్టూ మంచి చర్మంతో సహా గడ్డని తొలగించారు. అదే సమయంలో చెవి ముందు ఉన్న లింఫ్ గ్రంథిని పరీక్షిస్తే, అందులోనూ కంటికి కనబడనన్ని కాన్సరు కణాలు దొరికాయి. అయిదు వారాలు రేడియేషన్ ఇచ్చారు.

కథ అక్కడితో అయిపోలేదు. 2022 శరదృతువులో స్కానులో కాలేయం మీద మచ్చ కనబడింది. ఇమ్యునోథెరపీ మొదలుపెట్టారు. మచ్చ చిన్నదవుతూ వచ్చింది. 2024లో ఆయన రిటైరయ్యారు. ఇప్పటికీ ఆరు నెలలకోసారి స్కాను చేయించుకుంటారు. స్కాను తేదీ దగ్గర పడుతున్నకొద్దీ ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టదని ఆవిడ చెప్తారు.

సిస్టు అని ఎందుకు పొరబడతారు?

సిస్టు అంటే చర్మం కింద ఏర్పడే చిన్న సంచి. లోపల చర్మం పొట్టు లాంటి మెత్తటి పదార్థం నిండి ఉంటుంది. చాలా సిస్టుల మధ్యలో చిన్న నల్లటి చుక్క కనబడుతుంది. నెలలు, సంవత్సరాల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. సూక్ష్మక్రిములు చేరితే ఎర్రబడి, వాచి, నొప్పెడుతుంది. కొవ్వు గడ్డ ఇంకా మెత్తగా, వేలితో నొక్కితే రబ్బరులా ఉంటుంది.

మెర్కెల్ సెల్ గడ్డ కూడా గుండ్రంగా, నున్నగా, చర్మం రంగులో గానీ గులాబీ, ఎరుపు, ఊదా రంగుల్లో గానీ ఉంటుంది. పైచర్మం సాధారణంగా చెక్కు చెదరదు. మెలనోమా లాగా నల్లగా, వంకర టింకరగా ఉండి భయపెట్టదు. చూడగానే "ఇది కాన్సరు" అనిపించే లక్షణం ఒక్కటీ ఉండదు. తేడా ఎక్కడంటే, ఇది గట్టిగా ఉంటుంది, వారాల్లో పెరుగుతుంది.

2008లో అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ వారి జర్నల్‌లో 195 మంది రోగుల వివరాలతో ఒక పరిశోధన వచ్చింది. బయాప్సీ చేసే సమయానికి డాక్టర్లు ఏమనుకున్నారో కూడా అందులో లెక్కవేశారు. 56 శాతం గడ్డలని ప్రమాదం లేనివనే అనుకున్నారు. అన్నిటికంటే ఎక్కువగా వేసిన అంచనా సిస్టు లేదా మొటిమ లాంటిది అని. కాబట్టి ఆ పెద్దాయన విషయంలో జరిగింది ఎక్కడో ఒకచోట జరిగిన వింత కాదు. ఒక ఫామిలీ డాక్టరు తన జీవితకాలంలో వేల సిస్టులు చూస్తారు. మెర్కెల్ సెల్ గడ్డని ఒక్కసారైనా చూస్తారన్న నమ్మకం లేదు.

అయిదు అచ్చులు గుర్తుంటే చాలు

ఆ పరిశోధకులే ఈ గడ్డని అనుమానించడానికి ఒక కొండగుర్తు తయారుచేశారు. ఇంగ్లీషు అచ్చులు అయిదు: ఎ, ఇ, ఐ, ఓ, యు. ఇక్కడ బడికి వెళ్ళే మన పిల్లలకి ఇవి కంఠతా వచ్చు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళకి వాళ్ళే నేర్పొచ్చు.

ఎ అంటే ఎసింప్టమాటిక్. నొప్పి గానీ, ముట్టుకుంటే బాధ గానీ లేకపోవడం. ఆ రోగుల్లో 88 శాతం మంది ఇలాంటివారే.

ఇ అంటే ఎక్స్‌పాండింగ్ రాపిడ్లీ. వేగంగా పెరగడం. 63 శాతం మందిలో గడ్డ మూడు నెలల లోపే బాగా పెరిగింది.

ఐ అంటే ఇమ్యూన్ సప్రెషన్. రోగనిరోధక శక్తి తగ్గి ఉండడం. అవయవ మార్పిడి అయినవారు, కొన్ని రకాల రక్తపు కాన్సర్లు ఉన్నవారు, హెచ్.ఐ.వి. ఉన్నవారు ఈ కోవలోకి వస్తారు. రోగుల్లో వీరు 8 శాతమే అయినా, మామూలు జనంలో ఇలాంటివారు ఎంత తక్కువో చూస్తే అది పెద్ద సంఖ్యే.

ఓ అంటే ఓల్డర్ దాన్ 50. యాభై దాటిన వయసు. 90 శాతం మంది.

యు అంటే అల్ట్రావయొలెట్. లేత రంగు చర్మం మీద, ఎండ తగిలే ముఖం, మెడ, చేతులు వంటి చోట్ల గడ్డ రావడం. 81 శాతం మంది.

ఈ అయిదింటిలో మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నవారు 89 శాతం. అంటే ఒక్క లక్షణం చూసి హడలిపోనక్కర్లేదు. మూడు కలిసినప్పుడు మాత్రం "చూద్దాంలే" అనకూడదు.

సూక్ష్మదర్శిని కింద ఏం చూస్తారు?

పైనుంచి చూసి దీన్ని తేల్చి చెప్పడం నిపుణులకైనా కష్టం. తేల్చేది బయాప్సీ ఒక్కటే. మత్తు సూది వేసి, చిన్న గొట్టంలాంటి పరికరంతో మిరియపు గింజంత ముక్క తీస్తారు. పది, పదిహేను నిమిషాల పని.

ఆ ముక్కకి రంగులు అద్ది చూస్తే చిన్న చిన్న నీలపు గుండ్రటి కణాలు గుంపులుగా కనబడతాయి. చిక్కేమిటంటే, ఊపిరితిత్తుల్లో పుట్టే ఒక రకం కాన్సరు కణాలు కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. రెంటినీ వేరు చెయ్యడానికి పాథాలజిస్టులు ప్రత్యేకమైన రంగు పరీక్షలు చేస్తారు. సి.కె.20 అనే ప్రోటీను మెర్కెల్ సెల్ కాన్సరులో సాధారణంగా కేంద్రకం పక్కన చుక్కలా మెరుస్తుంది. టి.టి.ఎఫ్.1 అనేది ఊపిరితిత్తుల కాన్సరులో ఎక్కువగా కనబడుతుంది, ఇందులో సాధారణంగా కనబడదు. ఒకటి ఉండి, రెండోది లేకపోతే జవాబు దొరికినట్టే.

తర్వాత చూసేది లింఫ్ గ్రంథులు. బయటికి బిళ్ళలు కట్టకపోయినా, పరీక్షిస్తే సుమారు మూడింట ఒక వంతు మందిలో అప్పటికే కాన్సరు అక్కడికి చేరి ఉంటుంది. ఎంత ముందు పట్టుకుంటే అంత మేలని చెప్పడానికి 2016లో వచ్చిన ఒక లెక్క చాలు. తొమ్మిది వేలకు పైగా రోగుల వివరాలు తీస్తే, పుట్టిన చోటే ఉన్నప్పుడు కనిపెట్టినవారిలో అయిదేళ్ళ తర్వాత బతికి ఉన్నవారు 51 శాతం, లింఫ్ గ్రంథులకి పాకినవారిలో 35 శాతం, దూరపు అవయవాలకి పాకినవారిలో 14 శాతం. ఇది ఇమ్యునోథెరపీ మందులు రాకముందు కాలపు లెక్క అని గుర్తుపెట్టుకోవాలి. 2017 మార్చిలో ఈ జబ్బుకంటూ అమెరికాలో మొట్టమొదటిసారి అవెలుమాబ్ అనే మందుకి అనుమతి వచ్చింది. 2018 డిసెంబరులో పెంబ్రోలిజుమాబ్, 2023లో రెటిఫాన్లిమాబ్ వచ్చాయి. మన రోగనిరోధక కణాలకి కాన్సరు వేసిన బ్రేకుని తీసెయ్యడం వీటి పని. ఆ బ్రేకుల రహస్యం విప్పినందుకే జేమ్స్ ఆలిసన్, తసుకు హొంజో గార్లకి 2018లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ మందులు అందరికీ పనిచెయ్యవు. పనిచేసిన కొందరిలో మాత్రం ఫలితం ఏళ్ళ తరబడి నిలుస్తోంది.

తీసివేతతో దొరికిన వైరసు

నా వృత్తిలో ఉన్నవాళ్ళకి నచ్చే కథ ఒకటి ఇందులో ఉంది. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఈ కాన్సరు ఎక్కువగా వస్తోందంటే, వెనక ఏదో వైరసు ఉండాలని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ అనే భార్యాభర్తలు అనుమానించారు. గడ్డల నుంచి దాదాపు నాలుగు లక్షల జన్యు వరుసలు చదివారు. అందులోంచి మనిషికి చెందినవని తెలిసిన వరుసలన్నిటినీ కంప్యూటరు చేత తీసివేయించారు. రెండు ఫైళ్ళని పోల్చి తేడా మాత్రమే చూపించమని మేం రోజూ చేసే పనే ఇది. మిగిలినవాటిని జల్లెడ పడితే, కోతుల్లో కనిపించే ఒక వైరసుని పోలిన వరుస దొరికింది. అలా 2008లో మెర్కెల్ సెల్ పాలియోమా వైరసు బయటపడింది. పరీక్షించిన పది గడ్డల్లో ఎనిమిదింటిలో అది ఉంది.

ఈ మాట విని కంగారు పడకండి. ఈ వైరసు పెద్దవాళ్ళలో చాలామంది చర్మం మీద ఏ హానీ చెయ్యకుండా ఉంటుంది. ఎక్కడో, ఎప్పుడో దాని జన్యువు మన కణపు జన్యువులో అతుక్కుని, చెడు మార్పులు జరిగితేనే కాన్సరు. రోగిని ముట్టుకుంటే, పక్కన కూర్చుంటే అంటుకునే జబ్బు కాదు. వైరసు లేకుండా, కేవలం ఏళ్ళ తరబడి ఎండ దెబ్బ వల్ల వచ్చేవి కూడా ఉన్నాయి.

మనవాళ్ళ మాటేమిటి?

న్యాయంగా చెప్పుకోవాలంటే, మన చర్మపు రంగు ఈ విషయంలో మనకి కొంత రక్ష. పైన చెప్పిన 195 మందిలో 98 శాతం తెల్లవారే. ఈ జబ్బుతో పోయిన ప్రముఖులు కూడా వాళ్ళలోనే కనబడతారు. పాపైస్ చికెన్ దుకాణాలు స్థాపించిన ఆల్ కోప్లాండ్ 2008లో, మార్గరీటావిల్ పాటతో పేరుపొందిన గాయకుడు జిమ్మీ బఫెట్ నాలుగేళ్ళు పోరాడి 2023 సెప్టెంబరు 1న దీనివల్లనే కన్నుమూశారు.

అయితే మన ఇళ్ళల్లో "ఐ" అనే అక్షరం బలంగా ఉంది. షుగరు, బీపీల వల్ల మూత్రపిండాలు చెడిపోయి, మార్పిడి చేయించుకున్నవారు మన బంధువర్గాల్లో తక్కువ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో జీవన్‌దాన్ పథకం మొదలైన తర్వాత ఈ అవకాశం ఇంకా ఎక్కువమందికి దొరికింది. మార్పిడి చేసిన అవయవాన్ని శరీరం తోసెయ్యకుండా వాళ్ళు జీవితాంతం మందులు వాడాలి. అవే మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. అమెరికాలో జరిపిన పరిశీలనల్లో అవయవ మార్పిడి అయినవారిలో ఈ కాన్సరు ముప్పు ఇరవై రెట్లకి పైగా ఎక్కువని తేలింది. ఇంకో సంగతి, గులాబీ, ఎరుపు రంగులు మన చర్మం మీద అంత స్పష్టంగా తెలియవు. అందుకని మనం రంగు కంటే గట్టిదనాన్ని, వేగాన్ని ఎక్కువ పట్టించుకోవాలి.

కిందటేడు మా ఊళ్ళో ఒక మిత్రుడి నాన్నగారు ఇండియా నుంచి వచ్చారు. ఆయనకి కిడ్నీ మార్పిడి అయి ఎనిమిదేళ్ళు. మెడ వెనక గడ్డ ఉందని, రెండు నెలల్లో పెరిగిందని కోడలు గమనించింది. "ఆర్నెల్లుండి పోయేవాణ్ణి, ఇక్కడ డాక్టర్ల ఖర్చు నాకెందుకమ్మా, ఊరెళ్ళాక చూపించుకుంటాలే" అన్నారాయన. విజిటర్ ఇన్సూరెన్సు ఇలాంటివాటికి ఇస్తుందో లేదో తెలియని భయం మనందరికీ ఉన్నదే. ఆ అమ్మాయి వినలేదు. "మామయ్యా, ఖర్చు సంగతి మేం చూసుకుంటాం, మీరు చొక్కా వేసుకోండి" అని తీసుకెళ్ళింది. బయాప్సీలో మామూలు సిస్టని తేలింది. డబ్బు దండగైందని ఎవరూ అనుకోలేదు. ఆ రాత్రి ఆ ఇంట్లో పాయసం చేసుకున్నారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు

కొత్త గడ్డ కనబడగానే ఫోనుతో ఫోటో తియ్యండి. పక్కన ఒక క్వార్టరు బిళ్ళ పెట్టండి. దాని వెడల్పు సుమారు 24 మిల్లీమీటర్లు కాబట్టి కొలత దానంతటదే వచ్చేస్తుంది. రెండు వారాల తర్వాత అదే వెలుతురులో, అదే బిళ్ళతో మళ్ళీ తియ్యండి. పెరుగుతోందని తెలిస్తే ఇంకో ఫోటో కోసం ఆగొద్దు.

డాక్టరుతో తేదీలతో చెప్పండి. "కొన్నాళ్ళుగా ఉంది" అంటే ఆవిడకి ఏమీ తెలియదు. "మార్చిలో లేదు, ఏప్రిల్‌లో కందిగింజంత, ఇప్పుడు ఇంత" అంటే తెలుస్తుంది. అవయవ మార్పిడి, వాడుతున్న మందులు, పాత కాన్సర్లు తప్పకుండా చెప్పండి.

సిస్టు అంటే, "ఏ గుర్తులు చూసి సిస్టు అనుకుంటున్నారు? పెరిగితే ఎన్నాళ్ళలో రావాలి? బయాప్సీ చెయ్యొచ్చా?" అని మర్యాదగా అడగండి. మంచి డాక్టరు ఎవరూ దీనికి నొచ్చుకోరు. సూదితో పొడవడం, బ్లేడుతో కోయడం ఇంట్లో ఎవరూ చెయ్యకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి. ఇక్కడైనా ఇండియాలోనైనా గడ్డ కోసి తీసేస్తే, ఆ ముక్కని పాథాలజీ పరీక్షకి పంపారో లేదో అడగండి. రిపోర్టు కాపీ తీసుకుని దాచుకోండి. తీసేశారు కదా, పీడా పోయింది అనుకుంటే, అదేమిటో ఎప్పటికీ తెలియదు.

పిల్లలూ, ఇది మీకోసం

కళ్ళు మూసుకుని జేబులో చెయ్యి పెట్టండి. ఏది పెన్నీయో, ఏది క్వార్టరో చూడకుండా చెప్పగలరా? క్వార్టరు అంచున సన్నటి గీతలుంటాయి, పెన్నీ అంచు నున్నగా ఉంటుంది. మీ వేలి కొసకి ఆ తేడా తెలియడంలో సాయపడేవే మెర్కెల్ కణాలు. పైచర్మం అడుగు పొరలో ఉంటాయి. వేలి కొసల్లో ఎక్కువ. 1875లో ఫ్రీడ్రిష్ మెర్కెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త వీటిని వర్ణించి, "స్పర్శ కణాలు" అన్నాడు. స్పర్శని గుర్తించే పియెజో2 అనే ప్రోటీను ఈ కణాల్లో ఉంది. దాన్ని కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్ గారికి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

1972లో సిరిల్ టోకర్ అనే వైద్యుడు అయిదుగురు రోగుల్లో ఈ కొత్త రకం కాన్సరుని మొదటిసారి వర్ణించాడు. దాని కణాలు మెర్కెల్ కణాలని పోలి ఉన్నాయని తర్వాత తెలిసింది. అలా ఈ పేరు వచ్చింది. నిజంగా మెర్కెల్ కణం నుంచే పుడుతుందా అన్నది శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. ఆ జవాబు మీలో ఎవరైనా కనిపెట్టొచ్చు!

ఆదివారం తలంటు

మన పెద్దవాళ్ళు పెట్టిన అలవాట్లలో తలంటు ఒకటి. నూనె రాసేటప్పుడు మాడు, చెవుల వెనక, మెడ, వీపు అన్నీ చేతికి తగులుతాయి. అవి మనకి మనం చూసుకోలేని చోట్లే. ఈసారి మీ అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చినప్పుడు ఒక ఆదివారం తీరిగ్గా నూనె రాయండి. చేతికి కొత్తగా, గట్టిగా ఏదైనా తగిలితే ఎప్పట్నుంచి ఉందో అడగండి. వాళ్ళు "ఏం లేదులే" అంటారు, అది వాళ్ళ అలవాటు. సోమవారం పొద్దున్న డాక్టరుకి ఫోను చెయ్యడం మాత్రం మీరు అలవాటు చేసుకోండి.